పాయింట్ గార్డ్ బాగా ఆడాడా లేదా: బాక్స్ స్కోర్‌లో గడి లేని పనులు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు చూసే బాస్కెట్‌బాల్ జట్టులో ఇద్దరు పాయింట్ గార్డులు, అంటే బంతి ముందుకి తెచ్చి ఆట నడిపేవాళ్లు, ఉన్నారు. మొదటివాడు మ్యాచ్‌కి సగటున 18 పాయింట్లు, 7 అసిస్టులు (సహచరుడి స్కోర్‌కి దారితీసిన పాసులు) చేస్తాడు. రెండోవాడివి 6 పాయింట్లు, 4 అసిస్టులు. అయినా మ్యాచ్ బిగుసుకున్నప్పుడల్లా చివరి క్వార్టర్లో కోచ్ రెండోవాణ్ణే దింపుతున్నాడు. ఇది పక్షపాతమా, లేక అంకెలకి అందనిది ఏమైనా ఉందా?

పక్షపాతం చూపే కోచ్‌లు ఉంటారు, కాదనను. కానీ చాలాకాలంగా గార్డులకి శిక్షణ ఇస్తూ, మ్యాచ్ అయ్యాక వీడియో తిరగేసి చూసేవాడిగా చెబుతున్నాను: పాయింట్ గార్డ్ చేసే పనిలో సగానికి పైగా బాక్స్ స్కోర్‌లో, అంటే మ్యాచ్ అంకెల పట్టికలో, గడే లేదు. సెంటర్ పని చాలామటుకు రీబౌండ్లు, బ్లాకుల్లో తేలిపోతుంది. షూటర్ పని షాట్ల శాతంలో తెలుస్తుంది. పాయింట్ గార్డ్ పని మాత్రం మిగతా నలుగురి అంకెల్లో కలిసిపోతుంది. అందుకే నేను చూసేది ఒక్కటే: బంతి చేతికొచ్చిన ప్రతిసారీ జట్టుకి చివరికి ఎలాంటి షాట్ దొరికింది, అది దొరకడంలో ఇతని చెయ్యి ఎంత. ఆ షాట్ పడిందా లేదా అన్నది తర్వాతి మాట.

అసిస్ట్ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ పాయింట్ గార్డ్‌ని దానితోనే తూస్తారు. అసిస్ట్ రావాలంటే పాస్ అందుకున్నవాడు షాట్ వెయ్యాలి, అది పడాలి. అంటే సగం మార్కులు వేరేవాడి చేతిలో ఉన్నాయి. మంచి షూటర్ల మధ్య ఆడే గార్డ్ ఇచ్చే పది పాసుల్లో ఐదు అసిస్టులవుతాయి. అవే పాసులు చేతకాని షూటర్లకి ఇస్తే మూడే అవుతాయి. గార్డ్ చేసిన పనిలో తేడా ఏమీ లేదు. నిబంధనల్లోనూ తేడాలున్నాయి. మీ పాస్ అందుకున్నవాడు షాట్ వేస్తుండగా ఫౌల్ తిని, ఒక్క ఫ్రీ త్రో పడినా ఫీబా (అంతర్జాతీయ సమాఖ్య) లెక్కల్లో మీకు అసిస్ట్ వస్తుంది. అదే పాస్, అదే ఫౌల్ అమెరికా లీగ్ ఎన్‌బీఏలో జరిగితే మీ పేరు మీద ఏమీ రాయరు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. గార్డ్ స్క్రీన్ (డిఫెండర్‌కి అడ్డంగా నిలబడిన సహచరుడు) దాటి పెయింట్‌లోకి, అంటే రింగ్ ముందున్న చోటుకి, దూరతాడు. ఇద్దరు డిఫెండర్లు మీద పడతారు. అతను వింగ్‌లో, అంటే కోర్టు పక్క భాగంలో, ఉన్నవాడికి పాస్ ఇస్తాడు. అక్కడికి మరో డిఫెండర్ పరిగెత్తుకొస్తాడు, వింగ్‌లో ఉన్నవాడు కార్నర్‌కి ఇంకో పాస్ ఇస్తాడు, మూడు పాయింట్లు. అసిస్ట్ వింగ్‌లో ఉన్నవాడిది. డిఫెన్స్‌ని విరిచింది గార్డ్, అతని గడిలో మాత్రం సున్నా. దీనికి తలకిందులుగా జరిగేదీ చూడండి: గార్డ్ నిలబడ్డచోటునుంచి కదలకుండా పక్కనున్న స్టార్‌కి బంతి అందిస్తాడు, ఆ స్టార్ మీదికొచ్చిన చేతి మీంచి కష్టమైన జంప్ షాట్ వేస్తాడు, పడుతుంది. గార్డ్‌కి అసిస్ట్. ఈ రెండు అసిస్టులూ కాగితం మీద ఒకే బరువు. 2013–14 సీజన్లో ఎన్‌బీఏ అన్ని అరీనాల్లోనూ ట్రాకింగ్ కెమెరాలు బిగించాక సెకండరీ అసిస్టులు, పొటెన్షియల్ అసిస్టులు లెక్కపెట్టడం మొదలైంది. మొదటిది అసిస్ట్‌కి ముందు పాస్, రెండోది షాట్ పడినా పడకపోయినా షాట్‌కి దారితీసిన పాస్. మీ జట్టుకి ఆ కెమెరాలు ఉండకపోవచ్చు, కానీ ఒక పెన్సిల్‌తో పొటెన్షియల్ అసిస్టులు లెక్కపెట్టడం ఎవరికైనా చేతనవుతుంది.

ఒక మ్యాచ్‌లో అత్యధిక అసిస్టుల ఎన్‌బీఏ రికార్డు స్కాట్ స్కైల్స్‌ది: 1990 డిసెంబర్ 30న ఒర్లాండో తరఫున డెన్వర్ మీద 30. గొప్ప సంఖ్యే. అయితే ఆ సీజన్లో డెన్వర్ పరుగో పరుగు అన్నట్టు ఆడి, మ్యాచ్‌కి సగటున 130కి పైగా పాయింట్లు సమర్పించుకుంది. ఆ రాత్రి ఒర్లాండో 155 పాయింట్లు చేసింది. అన్ని పొజెషన్లు (బంతితో దాడి చేసే వంతులు) దొరికే ఆటలో ఎవరి అంకెలైనా ఉబ్బుతాయి. ఆట వేగం చూడకుండా మ్యాచ్‌కి ఇన్ని అని లెక్కపెడితే తప్పుదోవ పడతాం; 100 పొజెషన్లకి ఎన్ని అని చూడటం నయం.

అసిస్టుల కోసమే ఆడే గార్డులూ ఉంటారు. వీళ్లని పట్టుకోవడం తేలిక: రింగ్ ముందు లేఅప్ ఖాళీగా ఉన్నా బయటికి పాస్ ఇస్తారు, అసిస్ట్ అయ్యే పాస్ కనిపించేదాకా డ్రిబుల్ చేస్తూనే ఉంటారు, అసిస్ట్ కాని పాస్, అంటే బంతిని ఇటు నుంచి అటు కదిపే మామూలు పాస్, వాళ్లకి ఇష్టముండదు. 2015–16లో రాజన్ రొండో మ్యాచ్‌కి 11.7 అసిస్టులతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. అతని సాక్రమెంటో 33 గెలిచి 49 ఓడింది. అదే రొండో 2020లో లేకర్స్ బెంచ్ మీంచి వచ్చి, అంతకంటే చాలా తక్కువ అసిస్టులతో టైటిల్ గెలిచిన జట్టుకి బాగా పనికొచ్చాడు. ఏ అంకె ఏ పరిస్థితిలో వచ్చిందో చూడమనడానికే ఈ ఉదాహరణ, అతన్ని చిన్నబుచ్చడానికి కాదు.

ఇక టర్నోవర్లు, అంటే షాట్ వెయ్యకుండానే బంతి పోగొట్టుకోవడం. ఇక్కడ చాలామంది తక్కువ ఉంటే మంచిది అని గీత గీసేస్తారు. 2016–17లో జేమ్స్ హార్డెన్ సీజన్ మొత్తంలో 464 టర్నోవర్లు చేశాడు, అది ఎన్‌బీఏ రికార్డు. ఆ ఏడాది అతని జట్టు హ్యూస్టన్ 55 మ్యాచ్‌లు గెలిచింది. 2023–24లో వాషింగ్టన్ పాయింట్ గార్డ్ టైయస్ జోన్స్ మ్యాచ్‌కి 7.3 అసిస్టులు ఇచ్చి ఒకే ఒక్క టర్నోవర్ చేశాడు. ఆ జట్టు 15 గెలిచింది, 67 ఓడింది. జోన్స్ వల్ల ఓడిందని ఎవరూ అనరు. కానీ బంతి పోగొట్టుకోకపోవడం ఒక్కటే ఆటని నడిపించదని మాత్రం తెలుస్తుంది. 2024లో కెయిట్లిన్ క్లార్క్ మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో అడుగుపెట్టిన ఏడాదే 337 అసిస్టులతో అప్పటికి కొత్త రికార్డు పెట్టింది, 223 టర్నోవర్లతో ఇంకో రికార్డూ పెట్టింది. ముందు ఏడాది 13 గెలిచిన ఆమె జట్టు ఇండియానా ఆ ఏడాది 20 గెలిచింది. ఎవరూ వెయ్యని పాస్ వెయ్యాలని చూసేవాడి చేతిలోంచి కొన్ని బంతులు జారతాయి. రెండూ ఒకేసారి సాధించేవాళ్లు అరుదు. టైరీస్ హాలిబర్టన్ 2025 మే నెలలో న్యూయార్క్ మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో 32 పాయింట్లు, 12 రీబౌండ్లు, 15 అసిస్టులు చేసి ఒక్క టర్నోవర్ కూడా చెయ్యలేదు. అలాంటి రాత్రికి వ్యాఖ్యానం అక్కర్లేదు, బాక్స్ స్కోర్ చాలు.

టర్నోవర్లని లెక్కపెట్టేకన్నా రకాలుగా విడదియ్యండి. రోల్ అవుతున్న, అంటే స్క్రీన్ వేసి రింగ్ వైపు తిరిగి వెళ్తున్న, సెంటర్‌కి ఇచ్చిన పాస్ కాస్త పైకెళ్లి లైను బయట పడింది అనుకోండి, ఆట ఆగుతుంది, జట్టు వెనక్కెళ్లి డిఫెన్స్ సర్దుకుంటుంది. నష్టం ఒక పొజెషన్. అదే ఆర్క్ (మూడు పాయింట్ల గీత) పైభాగంలో, వింగ్‌కి అడ్డంగా ఇచ్చిన సోమరి పాస్‌ని ఎదుటివాడు కొట్టేస్తే అటువైపు లేఅప్. నష్టం ఒక పొజెషన్‌తో పాటు రెండు పాయింట్లు. బాక్స్ స్కోర్‌లో రెండింటికీ ఒకటే. నా దృష్టిలో మొదటి రకం మూడు చేసిన గార్డ్, రెండో రకం ఒకటి చేసిన గార్డ్ దాదాపు సమానం.

టర్నోవర్‌గా నమోదే కాని టర్నోవర్ ఇంకోటి ఉంది. అది నాకు అన్నిటికంటే చిరాకు. గార్డ్ 18 సెకన్లు ఒక్కడే డ్రిబుల్ చేస్తాడు, ఏమీ కుదరదు, షాట్ క్లాక్ (షాట్ వెయ్యడానికిచ్చే 24 సెకన్ల గడియారం) మూడు చూపిస్తుండగా బంతిని పక్కవాడి చేతిలో పెట్టి తప్పుకుంటాడు. పక్కవాడు చచ్చీచెడీ ఏదో విసురుతాడు, తగలదు. మిస్ పక్కవాడి ఖాతాలోకి పోతుంది. గార్డ్ కాగితం తెల్లగా ఉంటుంది. మీ 18 పాయింట్ల గార్డ్ ఇలాంటివి ఎన్ని చేస్తున్నాడో ఒక మ్యాచ్‌లో గమనించండి. రెండంకెల్లో ఉంటే కోచ్ నిర్ణయానికి సగం కారణం దొరికినట్టే.

ఇక్కడినుంచి గడియారం సంగతికి వస్తాను. 24 సెకన్లలో గార్డ్ బంతిని సగం కోర్టు దాటించి మొదటి యాక్షన్, అంటే డిఫెన్స్ మీద మొదటి ఎత్తు, ఎప్పుడు మొదలుపెట్టాడో చూడండి. 8 సెకన్లలో దాటితే నిబంధన ప్రకారం చాలు, కానీ చివరిదాకా నడుచుకుంటూ వచ్చి, చెయ్యెత్తి ప్లే పిలిచి, స్క్రీన్ కోసం ఆగేసరికి క్లాక్ 13 దగ్గర ఉంటుంది. అప్పుడు ఒక్క పిక్ అండ్ రోల్‌కే (సహచరుడు స్క్రీన్ వేసి రింగ్ వైపు వెళ్లే ఎత్తు) సమయం. అది కుదరకపోతే రెండోదానికి లేదు. 20 లేదా 19 దగ్గర మొదలుపెట్టే గార్డ్‌కి మొదటి యాక్షన్ ఆగిపోయినా బంతిని రెండో వైపుకి తిప్పి మళ్లీ దాడి చేసే వీలుంటుంది. డిఫెన్స్ మొదటి యాక్షన్‌ని బాగానే ఆపుతుంది, రెండో మూడో యాక్షన్‌కి తడబడుతుంది. అవకాశం దొరికేది ఆ తడబాటులోనే. స్టీవ్ నాష్ 2004లో ఫీనిక్స్ చేరాక ఆ జట్టు షాట్ క్లాక్‌లో తొలి ఏడెనిమిది సెకన్లలోనే షాట్ వెతికే ఆటకి పేరు పొందింది. ముందు ఏడాది 29 గెలుపులు, అతను వచ్చిన ఏడాది 62. ఆ వేగమంతా కాళ్లది కాదు. రీబౌండ్ చేతికందే లోపే ఎవరు ఎక్కడ పరిగెడుతున్నారో చూసి ఉంచడం వల్ల వచ్చింది.

పిక్ అండ్ రోల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈనాటి గార్డ్ పరీక్ష అంతా అక్కడే. స్క్రీన్ వచ్చి నిలబడక ముందే కదిలిపోతే స్క్రీన్ తగలదు. తన డిఫెండర్ ఎప్పట్లాగే పక్కనే ఉంటాడు. మంచి గార్డ్ ఒక అడుగు అటు వేసి డిఫెండర్‌ని స్క్రీన్‌లోకి నడిపిస్తాడు. దాటాక అసలు పని మొదలవుతుంది. కొత్తవాళ్లు వేగం పెంచుతారు, అనుభవం ఉన్నవాళ్లు తగ్గిస్తారు. క్రిస్ పాల్ ఆటని ఈ ఒక్కదాని కోసం చూడండి. స్క్రీన్ దాటగానే తన డిఫెండర్‌ని వీపు వెనక ఉంచుకుని, అతను ముందుకి రాకుండా దారి మూసి, దాదాపు నడకలోకి దిగుతాడు. ముందున్న పెద్ద డిఫెండర్ ఇరుక్కుంటాడు: ముందుకొస్తే రోల్ అయ్యేవాడు ఖాళీ, వెనక్కెళ్తే ఎల్బో (ఫ్రీ త్రో లైన్ మూల) దగ్గర పాల్ జంపర్. ఆ ఒకటిన్నర సెకను ఆగడానికి బాక్స్ స్కోర్‌లో పేరు లేదు. అక్కడ కాలర్ పట్టుకుని ఆపినట్టు ఆగిన డిఫెండర్ వల్లే మిగతా నలుగురికి చోటు దొరుకుతుంది.

గార్డ్ కళ్లు ఎటున్నాయో కూడా చూడండి. స్క్రీన్ దగ్గరున్న ఇద్దరు డిఫెండర్లని అందరూ చూస్తారు. చదవాల్సింది మూడోవాణ్ణి, అంటే బంతికి అవతలి వైపు కార్నర్‌లో తన మనిషిని వదిలేసి రోల్‌ని అడ్డుకోడానికి పెయింట్‌లోకి అడుగేసేవాణ్ణి. అతను అడుగేస్తే ఆ కార్నర్ ఖాళీ. వెయ్యకపోతే రోల్ ఖాళీ. ఈ చదువు వచ్చిన గార్డ్ బంతి వదిలే సమయానికి అవతలి డిఫెండర్ ఇంకా తప్పు దిక్కుకే కదులుతుంటాడు. రానివాడు ఖాళీ అయినవాణ్ణి కళ్లారా చూశాక పాస్ ఇస్తాడు. బంతి చేరేసరికి ఖాళీ మూసుకుపోతుంది. రెండూ ఒకే పాస్‌లా కనిపిస్తాయి, తేడా అర సెకను. వీడియోని అక్కడ ఆపి, బంతి చేతిలోంచి వెళ్లేటప్పుడు అందుకోబోయేవాడికి దగ్గరి డిఫెండర్ ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో చూస్తే చాలు, వాదన అక్కర్లేదు.

పాస్ ఎక్కడ పడిందన్నది ఇంకో సంగతి. షూటర్ ఛాతీ దగ్గర, షాట్‌కి చేతులు సిద్ధంగా ఉన్నచోట పడితే అతను అక్కడినుంచే లేస్తాడు. మోకాళ్ల దగ్గర పడితే వంగి, తీసుకుని, సర్దుకుని వేసేసరికి డిఫెండర్ చెయ్యి మొహం మీద ఉంటుంది. మీ జట్టు షూటర్ల శాతం ఒక గార్డ్‌తో ఆడుతున్నప్పుడు బాగుండి, ఇంకో గార్డ్‌తో తగ్గుతుంటే, షూటర్లని తిట్టేముందు పాసులు ఎక్కడ పడుతున్నాయో చూడండి.

డ్రిబుల్ ఎప్పుడు ఆపేస్తాడన్నదీ గమనించాలి. ఇద్దరు మీదికి రాగానే బంతిని రెండు చేతుల్లోకి తీసుకుని దిక్కులు చూసే గార్డ్‌కి ఇక పాస్ తప్ప దారి లేదు, డిఫెన్స్‌కి అది తెలుసు. నాష్ బేస్‌లైన్ మీద రింగ్ కిందికెళ్లి, ఏమీ దొరక్కపోతే డ్రిబుల్ ఆపకుండా అవతలి వైపు బయటికొచ్చేవాడు. ఆ చుట్టు తిరిగే రెండు సెకన్లలో ఎవరో ఒక డిఫెండర్ బంతినే చూస్తూ తన మనిషిని మర్చిపోయేవాడు.

ఇప్పుడు బంతి లేనప్పటి సంగతి. దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. బంతి వేరేవాడి దగ్గరున్నప్పుడు ఈ గార్డ్‌ని కాపలా కాసే డిఫెండర్ ఎక్కడ నిలబడ్డాడు? అతన్ని అంటిపెట్టుకుని ఉంటే, ఆ డిఫెండర్ సాయానికి వెళ్లలేడు, అంటే మిగతావాళ్లకి నలుగురితో నలుగురి ఆట. రెండు అడుగులు పెయింట్‌లోకి జరిగి నిలబడితే, షూటింగ్ రాదని డిఫెన్స్ ధైర్యంగా వదిలేసిందన్నమాట. అప్పుడు మీ సెంటర్ ఇద్దరి మధ్య ఆడుతున్నాడు, ఆ భారం సెంటర్ షాట్ల శాతంలో కనిపిస్తుంది. 2015–16లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్‌లో అసిస్టుల్లో మొదటివాడు స్టీఫెన్ కర్రీ కాదు, డ్రేమండ్ గ్రీన్ అనే ఫార్వర్డ్. 402 మూడు పాయింట్ల షాట్లు పడిన ఆ సీజన్లో కర్రీ మీదికి ఆర్క్‌కి చాలా ముందే ఇద్దరు వచ్చేవారు. అతను మధ్యలో ఉన్న గ్రీన్‌కి బంతి వదిలేవాడు. గ్రీన్ ముందు ముగ్గురు డిఫెండర్లు, దాడి చేసేవాళ్లు తనతో కలిపి నలుగురు. గ్రీన్ ఇచ్చే పాస్‌కి అసిస్ట్ వస్తుంది. ఆ నలుగురు, ముగ్గురు లెక్క ఎవరి వల్ల వచ్చిందో అడిగే గడి లేదు.

బంతి ఎవరికి, ఎప్పుడు అందిందన్నది మరీ లోపలి సంగతి. నాలుగు పొజెషన్లుగా బంతి ముట్టని సెంటర్ వెనక్కి పరిగెత్తడం నెమ్మదిస్తుంది, ఇది మీరు ఏ మ్యాచ్‌లోనైనా చూడొచ్చు. బుర్ర ఉన్న గార్డ్ అతనికి ఒక తేలికైన టచ్ ఇస్తాడు, పాయింట్లు రాకపోయినా. ఎదుటి జట్టులో మూడు ఫౌళ్లున్న డిఫెండర్ ఎవరో గుర్తుపెట్టుకుని, ఆట అతని మీదికి నడుపుతాడు. క్వార్టర్లో ఎదుటి జట్టు నాలుగు ఫౌళ్లు చేసేసిందంటే ఐదో ఫౌల్ నుంచి ఫ్రీ త్రోలు, ఎన్‌బీఏలోనైనా ఫీబాలోనైనా. అప్పుడు బయటినుంచి జంపర్లు వేయించే గార్డ్‌కి స్కోర్ బోర్డు చదవడం రాదనే అనుకుంటాను. క్వార్టర్ చివర్లో 32 సెకన్లుండగా జట్టుకి మంచి షాట్ తెప్పిస్తే, ఎదుటివాళ్లు తమ 24 సెకన్లూ వాడినా చివర్లో ఇంకో అవకాశం మీదే. 25 దాకా లాగితే చివరి షాట్ వాళ్లది. నాలుగు క్వార్టర్లలో ఇలా రెండు పొజెషన్లు సంపాదించే గార్డ్, ఒకటీ రెండూ పాయింట్ల తేడాతో తేలే మ్యాచ్‌లో ఏం చేసినట్టో చెప్పక్కర్లేదు. ఫీబా ఆటలో టైమ్‌అవుట్ కోచ్ బెంచ్ నుంచే అడగాలి, ఆటగాడు కోర్టు మీద అడగడానికి వీల్లేదు. ఆట గాడి తప్పినప్పుడు సర్దే భారం అక్కడ గార్డ్ మీద మరీ ఎక్కువ.

గార్డ్ డిఫెన్స్‌కి చెప్పుకోదగ్గ గడి స్టీల్స్ (ఎదుటివాళ్ల బంతి కొట్టెయ్యడం) ఒక్కటే, అది మోసకారి. పాస్ దారుల్లోకి దూకి రెండు కొట్టేసి, ఐదుసార్లు దొరక్క తన మనిషిని వదిలేసిన గార్డ్‌కి స్టీల్స్ గడి మెరుస్తుంది. నేను మూడు విషయాలు చూస్తాను. ఎదుటి గార్డ్ ఆటని ఏ సెకను దగ్గర మొదలుపెట్టగలుగుతున్నాడు? బంతి తెచ్చేవాణ్ణి దారి పొడుగునా తిప్పి 20 దగ్గర మొదలవ్వాల్సినదాన్ని 15కి తోసేవాడు పెద్ద పని చేసినట్టే. స్క్రీన్ తగిలాక ఎంత త్వరగా మళ్లీ బంతి ముందుకి వస్తున్నాడు? మన జట్టు షాట్ వేసిన క్షణంలో అతను వెనక్కి కదిలాడా, లేక తను వేసిన షాట్‌నే చూస్తూ నిలబడ్డాడా? ఈ మూడోది ముఖ్యం. చాలా జట్లలో ఎదురుదాడిని ఆపే మొదటి మనిషి పాయింట్ గార్డే. ప్రతిసారీ రింగ్ దాకా దూసుకెళ్లి బేస్‌లైన్ మీద పడిపోయే గార్డ్ ఉన్న జట్టు ఫాస్ట్ బ్రేక్‌లు ఎక్కువ తింటుంది, ఆ పాయింట్లు ఎవరి పేరునా రాయరు.

2021 ఎన్‌బీఏ ఫైనల్స్ నాలుగో మ్యాచ్ దీనికి చక్కటి పాఠం. మిల్వాకీ గార్డ్ జ్రూ హాలిడే 20 షాట్లు వేస్తే నాలుగే పడ్డాయి, 13 పాయింట్లు. కాగితం చూస్తే ఘోరం. ఆ రాత్రంతా అతను ఫీనిక్స్ గార్డ్ క్రిస్ పాల్‌ని అంటిపెట్టుకుని తిరిగాడు. బంతి పోగొట్టుకోడని పేరున్న పాల్ 10 పాయింట్లకి ఆగిపోయి ఐదు టర్నోవర్లు చేశాడు, అందులో చివరి నిమిషంలో జారినది క్రిస్ మిడిల్టన్ లేఅప్‌గా మారింది. మిల్వాకీ 109–103తో గెలిచి సిరీస్ సమం చేసింది, తర్వాత టైటిల్ కూడా గెలిచింది. షాట్లు పడకపోయినా మిల్వాకీ అతన్ని కోర్టు మీద ఎందుకు ఉంచిందో ఆ ఐదు టర్నోవర్లు చెబుతాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గట్టి మ్యాచ్‌లో ఎదుటి జట్టు మీ బలహీనమైన డిఫెండర్ ఎవరో కనిపెట్టి, ప్రతి స్క్రీన్‌నీ అతను కాపలా కాసే ఆటగాడితో వేయిస్తుంది. 18 పాయింట్ల గార్డ్ అలా వేటకి దొరికే మనిషైతే, చివరి క్వార్టర్లో అతను తెచ్చే పాయింట్లు అతని మీదుగా పోయే పాయింట్లకి సరిపోవు. కోచ్‌లు ఈ సంగతి బయటికి చెప్పరు, చెబితే ఆటగాడి పరువు పోతుంది.

ప్లస్ మైనస్ సంగతి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి చెబుతాను. గార్డ్ కోర్టు మీద ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ చేసిందో చెప్పే అంకె అది. ఒక మ్యాచ్‌కి అది దాదాపు పనికిరాదు. మొదటి ఐదుగురితో ఆడేవాడికి, బెంచ్ వాళ్లతో ఆడేవాడికి ఒకే తూకం పెట్టలేం. ఆట తేలిపోయాక ఆఖరి నాలుగు నిమిషాల్లో పోసిన పాయింట్లు కూడా అందులో కలుస్తాయి. సీజన్ మొత్తం మీద, అదే నలుగురితో గార్డ్ ఒక్కడే మారినప్పటి నిమిషాలని పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఏదో చెబుతుంది. అప్పుడు కూడా పాయింట్ల తేడా ఒక్కటే చూడకండి. జట్టు మొత్తం టర్నోవర్లు, లేఅప్‌లు, కార్నర్ షాట్లు, ఫ్రీ త్రోలు ఏ గార్డ్‌తో ఎన్ని వస్తున్నాయో చూడండి. మంచి గార్డ్ వేలిముద్రలు ఉండేది వాటి మీదే.

జట్టు గెలుపుల్లో మార్పు అన్నిటికంటే ఊరించే లెక్క, అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనదీ అదే. జేసన్ కిడ్ 2001లో న్యూజెర్సీ చేరినప్పుడు 26 గెలుపుల జట్టు 52కి ఎక్కి ఫైనల్స్ ఆడింది. ఆ ఏడాది అతని షాట్ల శాతం 40 కూడా లేదు. ఘనత చాలావరకు అతనిదే. కానీ ముందు ఏడాదంతా గాయంతో దూరమైన కెరీ కిటిల్స్ తిరిగొచ్చాడు, రిచర్డ్ జెఫర్సన్ కొత్తగా చేరాడు. క్రిస్ పాల్ ఫీనిక్స్ చేరాక 34 గెలిచి 39 ఓడిన జట్టు 51 గెలిచి 21 ఓడింది, నిజమే. అయితే అతను రాకముందే ఆ జట్టు 2020 సీజన్ చివరి ఎనిమిది మ్యాచ్‌లూ వరసగా గెలిచింది. గార్డ్ ఆటని పెంచుతాడు, శూన్యంలోంచి పుట్టించడు.

ఇంత చదివాక ఇంటి దగ్గర చెయ్యగలిగిన పద్ధతి ఒకటి చెబుతాను. మ్యాచ్ రికార్డింగ్ ఉంటే రెండోసారి చూడండి, ఈసారి స్కోర్ తెలుసు కాబట్టి మనసు తొణకదు. ప్రతి పొజెషన్‌కి కాగితం మీద ఒక గీత. షాట్ గాల్లోకి లేవగానే వీడియో ఆపండి. అది పడిందో లేదో చూడకముందే గుర్తు పెట్టండి: ఖాళీ షాట్, ఫర్వాలేదు అనిపించే షాట్, బలవంతపు షాట్, లేదా షాట్ దాకా రాకుండా పోయిన బంతి. పక్కన ఇంకో చిన్న గుర్తు: ఆ పొజెషన్‌లో ఎక్కడైనా ఈ గార్డ్ వల్ల ఇద్దరు డిఫెండర్లు ఒకడి మీదికి వచ్చారా? ఈ రెండూ చాలు. గార్డ్ పేరు మార్చి రెండోవాడికీ ఇదే చెయ్యండి. మీ ఇద్దరు గార్డుల్లో ఎవరి కాగితం మీద ఖాళీ షాట్లు ఎక్కువ, బలవంతపువి తక్కువ ఉన్నాయో తేలిపోతుంది. 18 పాయింట్లవాడి కాగితమే బాగుందని తేలొచ్చు కూడా. ఎక్కువ పాయింట్లు చేసేవాడు ఆట నడపలేడన్నది అనుభవం లేనివాళ్లు అనే మాట. అతని షాట్ బెదిరింపు వల్లే మిగతావాళ్లకి చోటు దొరుకుతుండొచ్చు. అలా తేలితే కోచ్‌ని ప్రశ్నించే హక్కు మీకుంది, చేతిలో కాగితం ఉంటుంది కాబట్టి మర్యాదగానే అడగొచ్చు.

ఏ మ్యాచ్‌లు ఎంచుకోవాలో మాత్రం జాగ్రత్త. 30 పాయింట్ల తేడాతో గెలిచిన మ్యాచ్‌లో ఏ గార్డైనా మహారాజులా కనిపిస్తాడు. కోర్టు పొడుగునా ప్రెస్ చేసే జట్టుతో ఆడినది ఒకటి తీసుకోండి. ఇద్దరు ట్రాప్ చేసినప్పుడు అతను వెనక్కి ఒక డ్రిబుల్ వేసి చోటు చేసుకుంటున్నాడా, లేక సైడ్‌లైన్ వైపే పారిపోతున్నాడా చూడండి. సైడ్‌లైన్ మూడో డిఫెండర్ లాంటిదే, అక్కడికి వెళ్లినవాడు తనంతట తానే చిక్కుకున్నట్టు. జోన్ డిఫెన్స్ (మనిషిని కాక చోటుని కాపలా కాసే పద్ధతి) మీద ఆడినది ఇంకోటి తీసుకోండి. జోన్ బయట చుట్టూ బంతి తిప్పుతూ ఆర్క్ మీంచి షాట్లు వేయించేవాడు పొజెషన్లు ఖర్చు చేస్తున్నాడు. ఇద్దరు డిఫెండర్ల మధ్య సందులోకి డ్రిబుల్‌తో దూరి ఇద్దర్నీ తన వైపు లాగేవాడు, ఫ్రీ త్రో లైన్ దగ్గర మనిషిని నిలబెట్టి బంతి అక్కడికి చేర్చేవాడు జోన్‌ని విప్పుతున్నాడు. మూడోది, మూడో క్వార్టర్లో 12 పాయింట్లు వెనకబడి ఆడిన మ్యాచ్. అక్కడ అతను ఒకేసారి అన్నీ తెచ్చెయ్యాలని తొందరపడ్డాడా, ఒక్కో పొజెషన్‌కి ఒక్కో మంచి షాట్ వెతికాడా అన్నది మూడు నాలుగు నిమిషాల్లో బయటపడుతుంది. ఈ మూడు మ్యాచ్‌ల కాగితాలు ఒకచోట పెట్టుకుని చూడండి. సీజన్ సగటుల కంటే వాటిని ఎక్కువ నమ్మొచ్చు.